దసలి ఊళ్లో పురుగుల సినిమా

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. జనగామలో మా ఉపాధ్యాయుల టెంటు కింద కూర్చుని ఉండగా అక్క ఫోన్ చేసింది. ఆమె ఎప్పుడూ ఒకసారి మోగించి పెట్టేసేది, నేనే తిరిగి చేయాలి. ఆ రోజు మాత్రం నేను ఎత్తేదాకా మోగనిచ్చింది. మైకులో ఎవరో పాట అందుకున్నారు. ఒక చెవి మూసుకుని రోడ్డు మీదికి వచ్చాను. ఆమె చెప్పింది ఒక్క ముక్క.

"తమ్మీ, చెట్లు గుంజుకుంటున్రు. జర వచ్చిపో."

అక్కను ఇచ్చిన ఊరు భూపాలపల్లి దాటాక అడవి అంచున ఉంటుంది. అక్కడ కొన్ని కుటుంబాలది దసలి పట్టు పని. మల్బరీ పట్టుపురుగులా ఇది ఇంట్లో తట్టల్లో పెరగదు. అడవిలో నల్లమద్ది చెట్ల మీద పెరుగుతుంది. పిల్ల పురుగులను చెట్టెక్కించిన నాటి నుంచి అవి గూళ్లు కట్టేదాకా, నలభై రోజులకు పైగా, మనిషి ఆ చెట్ల కిందే గుడిసె వేసుకుని కాపలా ఉండాలి. కాకులకు, కందిరీగలకు, చీమలకు ఆ పచ్చటి పురుగు మెత్తటి ముద్ద. ఒడిసెలతో రాళ్లు విసరాలి. చెట్టు మొదట్లో బూడిద పోయాలి. ఒక చెట్టు ఆకు అయిపోతే కొమ్మలు కోసి, పురుగులతో సహా మరో చెట్టుకు మార్చాలి. ఏ కుటుంబానికి ఏ చెట్లో తాతల నాటి వాడుక. కాగితం లేదు. ఒక పంటకాలం ఖాళీగా వదిలితే ఆ చెట్ల మీద హక్కు పోయినట్టే.

బావ ముందటి చలికాలంలో చనిపోయాడు. వానాకాలం మొదటి పంటను ఆయన తమ్ముడు తన పంటతో పాటే చూసి, గూళ్లలో వాటా తెచ్చి ఇచ్చాడు. రెండో పంటకు వచ్చేసరికి, రెండు చోట్ల కాపలా తన వల్ల కాదని, అన్న చెట్లు తనకే వదిలేయమని అడిగాడు. నా చెట్లు నేనే చూసుకుంటానంది అక్క. దాంతో ఊరంతా అడ్డం లేచింది. ఎందుకంటే అక్కడ ఒక ఆచారం ఉంది. పురుగు చెట్టెక్కాక ఆడమనిషి ఆ చెట్ల నీడ తొక్కకూడదు. తొక్కితే అడవి దేవుడికి కోపమొచ్చి, ఆమె పంటే కాదు, చుట్టుపక్కల అందరి పంటా తెగులు తగిలి పోతుందని నమ్మకం. అక్క ఇంట్లో విత్తన గూళ్ల నుంచి సీతాకోకలు అప్పటికే బయటికి వచ్చి గుడ్లు పెట్టాయి. మరో వారానికి అవి పగులుతాయి. ఆలోపు సంగతి తేలకపోతే చెట్లు పోతాయి. చెట్లు పోతే అక్క పత్తి ఏరడానికి కూలికి పోవాలి. మూడో తరగతి చదివే నా మేనకోడలు బడి మాని తల్లి వెంట చేనికి పోవాలి.

ఇలాంటి ఆచారాల మీద నాకు మొదటి నుంచీ మంట. మైల, అంటు, నీడ, అడుగు, ఈ మాటలన్నీ ఎవరి చేతిలోంచి ఏం లాక్కోవడానికి పుట్టాయో చూడండి, వాటి వెనుక ఉన్న దేవుడు వెంటనే మనిషైపోతాడు. నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. కాలేజీ రోజుల నుంచీ వాదసభల్లో పెరిగినవాణ్ణి. ఇటు ముగ్గురు, అటు ముగ్గురు, మధ్యలో గంట. దేవుడున్నాడా లేడా, జాతకం నిజమా కాదా, ఏ పక్షం ఇచ్చినా నిలబడగలను. వాదంతో దించలేని మూఢత్వం లేదని నలభై ఏళ్లు దాటాక కూడా నమ్మేవాణ్ణి. అక్క పిలిచింది చుట్టంగా కాదు, వకీలుగా అనుకున్నాను. లోలోపల కొంత సంతోషించాను కూడా.

బస్సులు లేవు. బైకు మీద బయలుదేరాను. నేరుగా పోకుండా ముందు మహబూబాబాద్ వెళ్లాను, అక్కడ ట్యూషన్ సెంటర్ నడిపే మిత్రుడి దగ్గర ప్రొజెక్టరూ, పట్టుపురుగు మీద ఒక డాక్యుమెంటరీ సీడీ ఉన్నాయని. అందులో ఆడవాళ్లే పురుగులను పెంచుతారు. కళ్లముందు సాక్ష్యం పెడితే ఎవడు కాదంటాడు? పాలకుర్తి దగ్గర రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. అత్యవసరమన్నా వదల్లేదు. విస్తరి చేతిలో పెట్టి, తిన్నాకే పొమ్మన్నారు. తిని, జై తెలంగాణ అని, బైకును పొయ్యిల మధ్య నుంచి నడిపించుకుంటూ అవతలికి వెళ్లాను.

నా ల్యాప్‌టాప్‌లో ఇంకో సినిమా కూడా ఉంది. మా ఆవిడ ఎక్కించింది, మేనకోడలికి చూపించమని. చీమలూ పురుగులూ మాట్లాడే బొమ్మల సినిమా. మా అమ్మాయి దాన్ని ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. నాకు ఇష్టం లేదు. ఈ రోజు చీమ మాట్లాడిందని నమ్మిన పిల్ల రేపు రాయి మాట్లాడిందన్నా నమ్ముతుందని నా వాదన. "లోకంల నువ్వొక్కనివే మాట్లాడాల్నా" అంది మా ఆవిడ, బ్యాగు జిప్పు లాగుతూ.

చేరిన సాయంత్రమే ఊరి పెద్ద రైతు వాకిట్లో మాట్లాడాను. ఆయన దసలి పనిలో అందరికన్నా అనుభవం ఉన్నవాడు. ఎప్పుడు చెట్టెక్కించాలో, ఏ చెట్టు ఆకు పురుగుకు పడదో ఆయనే చెబుతాడు. అక్క ఆయన్ను మామా అంటుంది. ఇరవై మంది దాకా వచ్చారు. తెగులు అంటే ఏమిటి, సూక్ష్మజీవి అంటే ఏమిటి, ఆడమనిషి నీడకూ మగమనిషి నీడకూ తేడా ఏమిటి, ఒక్కొక్కటీ విడదీసి చెప్పాను. గంట కొట్టేవాడు లేడు కనుక చాలాసేపు చెప్పాను. ఎవరూ అడ్డం రాలేదు. చివర్లో పెద్దాయన, సారు మంచిగా చెప్పాడని మెచ్చుకున్నాడు. నాకు చాయ్ పోయించాడు. తర్వాత అందరూ వానల గురించి మాట్లాడుకున్నారు.

వాదానికి ఎదురు వాదం ఉంటే నాకు బలం వస్తుంది. ఏమీ అనని మనుషుల ముందు ఏం చేయాలో నాకు ఎవరూ నేర్పలేదు.

అక్క మరిది కూడా అక్కడే ఉన్నాడు. ఆయన్ను దుర్మార్గుడిగా చూపిస్తే ఈ కథ నాకు తేలికవుతుంది, కానీ అది అబద్ధం. ఆ వారం ఆయన మండల కేంద్రంలో రిలే నిరాహార దీక్షలో కూర్చుని వచ్చాడు. మన నీళ్లు, మన కొలువులు మనకు కావాలని గొంతు పోయేలా నినాదాలిచ్చి, బొంగురు గొంతుతోనే మాట్లాడుతున్నాడు. వదిన చెట్ల కిందికి పోతే తన పురుగులు చస్తాయని నిజంగానే భయపడుతున్నాడు. ఆ రాత్రి అన్నం పెడుతూ అక్క నన్నేమీ అడగలేదు. నా ఉపన్యాసం ఎలా పోయిందో ఆమెకు తెలుసు.

మర్నాడు సినిమా పెట్టాను. సమ్మెలో బడి మూతపడి ఉంది. అక్కడి టీచరు కూడా మావాడే, తాళం ఇచ్చాడు. కిటికీలకు గోనెసంచులు కట్టి, తెల్ల దుప్పటిని గోడకు మేకులు కొట్టి బిగించాం. బొగ్గుగనులు కూడా సమ్మెలోనే ఉన్నాయి, కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. పదకొండింటికి వచ్చింది. వచ్చిందని తెలియగానే పిల్లలు పరుగెత్తుకొచ్చారు, వాళ్ల వెనుక పెద్దలు. గుడ్లు ఇంకా పగల్లేదు కనుక మగవాళ్లంతా ఊళ్లోనే ఉన్నారు. ముందు పిల్లలు, తర్వాత మగవాళ్లు, గుమ్మం దగ్గర ఆడవాళ్లు నిలబడ్డారు. అక్క గుమ్మానికి ఆనుకుని ఉంది.

మొదట డాక్యుమెంటరీ వేశాను. తెర మీద చీర కొంగు నడుముకు దోపుకున్న ఆడవాళ్లు తట్టల్లో మల్బరీ ఆకు పరుస్తున్నారు, పురుగులను చేత్తో ఎత్తి మారుస్తున్నారు. ఇదిగో చూడండి అన్నాను. చూశారు. చూసి పెద్దాయన నెమ్మదిగా, ఇవి ఇంటి పురుగులు, మనవి అడవి పురుగులు, ఇంట్లోకి దేవుడు రాడు కదా సారూ అన్నాడు. అందరూ అవునన్నారు. నా సాక్ష్యం పది నిమిషాలు కూడా నిలవలేదు. అన్ని పుస్తకాలు చదివిన నాకు, దసలి రైతులకు మల్బరీ పురుగును చూపించడం ఎంత తెలివితక్కువ పనో అప్పటిదాకా తట్టలేదు. గోధుమ పండించేవాణ్ణి చూపించి వరి రైతును ఒప్పించబోయాను.

పిల్లలు విసుగెత్తి గోల చేశారు. బొమ్మల సినిమా ఉందని మేనకోడలు ముందే ఊరంతా చెప్పేసింది. ఓడిపోయినవాడి ఉదారతతో అదే పెట్టాను.

కథ చిన్నది. పెద్ద వానకు ఒక పచ్చని గొంగళిపురుగు చెట్టు మీది నుంచి కొట్టుకుపోయి చీమల పుట్ట దగ్గర పడుతుంది. అందరికన్నా చిన్న చీమ దాన్ని చూస్తుంది. పుట్టలో ఆకలిగా ఉంది. దొరికిన పురుగును లోపలికి లాక్కురమ్మని ఆజ్ఞ. చిన్న చీమ మాత్రం పురుగును ఒక ఆకు కింద దాచిపెట్టి, రోజూ లేత ఆకులు తెచ్చి పెడుతుంది.

చీమ ఆకు తెచ్చి పురుగు నోటికి అందించగానే గదిలో నవ్వులు మొదలయ్యాయి. పిల్లలు కాదు, మగవాళ్లు. చీమేంది, పురుగుకు తిండి పెట్టుడేంది అని ఒకాయన అడిగాడు. మొన్నటి పంటలో తన ఒక్క చెట్టు మీదే చీమలు ఎన్ని పిల్ల పురుగులను ఎత్తుకుపోయాయో ఇంకొకాయన చెప్పుకొచ్చాడు. చీమల దండు వరుస కట్టి వస్తున్న దృశ్యం రాగానే వెనుక నుంచి ఒక గొంతు, బూడిద పొయ్యిరా, బూడిద పొయ్యి, అని అరిచింది. గది ఊగిపోయింది. సినిమా తీసినవాళ్లు చీమను దయకు గుర్తుగా పెట్టారు. ఆ గదిలో చీమ అంటే పొట్టకొట్టే శత్రువు. మేనకోడలు నా వైపు తిరిగి, చీమకు ఆరు కాళ్లు కదా మామా, దీనికి నాలుగే ఉన్నాయేంటి అంది. ఆపి అందరికీ చెబుదామని చేయి లేచింది. ఈ గదిలో నా మాట ఎవడికి కావాలని మళ్లీ దించుకున్నాను.

పావుగంట గడిచేసరికి నవ్వులు తగ్గాయి. వాళ్లు చీమను నమ్మలేదు గానీ, పురుగును తమదనుకున్నారు. అది ఆకు కొరికితే, గట్ల తినాలె, అన్నారు. తెర మీద కాకి నీడ పడితే ఇద్దరు ముగ్గురి చేతులు తెలియకుండానే నడుము దగ్గర ఒడిసెల కోసం వెతికాయి.

అప్పుడు వచ్చింది ఆ దృశ్యం. పురుగు తినడం మానేస్తుంది. కొమ్మను పట్టుకుని, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. చిన్న చీమ పిలుస్తుంది, పలకదు. ఆకు పెడుతుంది, ముట్టదు. చచ్చిపోయిందనుకుని ఏడుస్తుంది. అప్పటికి మనసు మారిన చీమలన్నీ వచ్చి, నేస్తాన్ని మట్టిలో పెడదామని, దాన్ని కొమ్మ నుంచి పట్టి లాగడం మొదలుపెడతాయి. వెనుక విషాదంగా పాట.

"గుంజకుండ్రి," అంది అక్క.

గుమ్మం దగ్గర ఉన్నది ఎప్పుడు ముందుకు వచ్చిందో తెలియదు. పిల్లల మధ్య నుంచి నడిచి తెర దగ్గరికి వచ్చింది. ఆమె నీడ దుప్పటి మీద పడింది. తెర మీది చీమలతోనే మాట్లాడుతోంది. "గుంజితే కాళ్లు ఊసిపోతయ్. అది సావలే. నిద్రల ఉన్నది. తోలు ఇడుస్తది. పొద్దుమీకేదాక ఊకోండ్రి, అదే లేస్తది."

నా చేయి దానంతట అదే సినిమాను ఆపేసింది. పురుగు సగం లాగిన స్థితిలో గోడ మీద నిలిచిపోయింది. అందరూ పురుగును వదిలేసి అక్కను చూస్తున్నారు.

పెద్దాయన కోపంగా అడగలేదు. పనివాడు పనివాణ్ణి అడిగినట్టే అడిగాడు. "సచ్చిన పురుగు గూడ కదలది గదా, బిడ్డా. నిద్రల ఉన్నదని నీకెట్ల ఎరుక?"

అక్క చూపుడువేలు ఎత్తి తెర మీద చూపించింది. రోగంతో చచ్చిన పురుగు వెనుక కాళ్లతో కొమ్మను పట్టుకుని తలకిందులుగా వేలాడుతుంది, నల్లబడుతుంది, కంపు కొడుతుంది. నిద్రలో ఉన్నది తల ఎత్తి పెడుతుంది. దగ్గరికి పోయి చూస్తే మూతి మీది పాత తోలు టోపీలాగా ముందుకు జారి ఉంటుంది, దాని వెనుక కొత్త మూతి లేతగా కనిపిస్తుంది. ఇదంతా ఆమె చెప్పింది. జానెడు దూరం నుంచి చూస్తే తప్ప తెలియని సంగతులు. గదిలో ప్రతి మగవాడికీ ఆ సంగతి తెలుసు.

మరిది గబుక్కున లేచాడు. "మా అన్న చెప్పిండొచ్చు. ఇంటికొచ్చినంక గివన్ని చెప్పేటోడు."

ఆ మాట ఆమెను కాపాడటానికే అన్నాడని ఇప్పటికీ అనుకుంటాను. దారి తెరిచి పెట్టాడు. అవునని తల ఊపితే చాలు, అంతటితో పోయేది. నేనైతే ఊపేవాణ్ణి. ఊపి, తర్వాత ఒక వ్యాసం రాసేవాణ్ణి.

"మీ అన్న చెప్పలే," అంది అక్క. "నేనే జూసిన. మీ అన్న పోకముందు రెండేండ్లు ఆ చెట్ల మీది పంటలు నేనే తీసిన."

బావకు ఊపిరితిత్తుల జబ్బని నాకు తెలుసు. అది చెట్టెక్కనీయనంత ముదిరిందని మాత్రం తెలియదు. ఆయన గుడిసెలో పడుకుని ఎక్కడ ఏం చేయాలో చేత్తో చూపించేవాడట. అక్క ఆయన అంగీ తొడుక్కుని, లుంగీ కట్టుకుని, తలకు రుమాలు చుట్టుకుని చెట్లెక్కేది. కొమ్మలు కోసి పురుగులను మార్చింది ఆమె. కాకులను కొట్టింది ఆమె. నిద్రలో ఉన్న పురుగును తెలియక మొదటి ఏడు నాలుగైదు సార్లు లాగి చంపింది కూడా ఆమే, అదీ దాచలేదు. పురుగు చెట్ల మీద ఉన్నన్నాళ్లు ఒకరి చెట్ల కిందికి మరొకరు పోకూడదన్నది వాళ్ల మరో కట్టుబాటు. దానివల్లే ఎవరూ దగ్గరికి రాలేదు. దూరం నుంచి కేకేస్తే చేయెత్తేది.

మరిది అడిగాడు. "నేను బీడీ కావాలని కేకేస్తే, రుమాల్ల రాయి గట్టి ఇసిరింది..."

"నేనే."

"రెండు బీడీలడిగితే ఒక్కటే ఏసినవ్."

"మీ అన్న తిట్టుమన్నడు. నోరు తెరిస్తె దొరుకుత అని ఒక్కటి తగ్గించిన."

ముందు ఆడవాళ్లు నవ్వారు. తర్వాత మగవాళ్లలో ఎవరో ఆపుకోలేకపోయారు. మరిది కూడా నవ్వబోయి, నవ్వకూడదని గుర్తొచ్చి, మొహం తుడుచుకున్నాడు.

అక్క మాత్రం నవ్వలేదు. పెద్దాయన వైపు తిరిగి, ఆ రెండేళ్లలో నీ పంట పాడైందా మామా అని అడిగింది. నీ పక్కవాళ్లది పాడైందా? ఎవరిదైనా తెగులు తగిలి పోయిందా?

ఇక్కడ నేను లేచాను. ఇంతకన్నా మంచి అవకాశం ఏ వాదసభలోనూ రాదు. కారణం, ఫలితం, పోలిక, అన్నీ నాలుక చివర ఉన్నాయి. అక్క వెనక్కి తిరక్కుండానే, "తమ్మీ, నువ్వు జర కూసో," అంది. కూర్చున్నాను.

పెద్దాయన నిజాయితీపరుడు. వేళ్లు ముడుస్తూ ఏళ్లు వెనక్కి లెక్కపెట్టుకున్నాడు. ఆ రెండేళ్లూ పంట బాగుందన్నాడు. చెడిపోయింది అంతకు ముందటేడు, ముసురు పట్టినప్పుడు. అప్పుడు ఆమె చెట్ల కిందికి పోలేదు. ఈ చివరి మాట కూడా ఆయనే అన్నాడు, ఎవరూ అడగకుండా.

అక్క మరిదితో అంది. "మన నీళ్లు మనకే గావాలని టెంటు కింద ఉపాసం కూసున్నవ్. మంచిగున్నది. నేను గూడ ఆడోళ్ల సంఘంల జెండా పట్టిన. మరి నా చెట్లు నాకెందుకు గావు?"

ఆయన పెద్దాయన వైపు చూశాడు. దీక్షలో అరిచి అరిచి పోయిన గొంతు కదా అని ఎవరో వెనుక నుంచి వెక్కిరించారు.

తీర్పు పెద్దాయన చెప్పాడు. "దేవుడు రెండేండ్లు జూసి ఊకున్నడంటె ఆమె చెయ్యి ఒప్పుకున్నట్టే. పంట ఆ చేతికి అలవాటైంది. ఇప్పుడు మారిస్తేనే కోపమొస్తదేమో. చెట్లు ఆమెయే."

నాకు ఒళ్లు మండింది. నమ్మకం తప్పని తేలితే నమ్మకాన్ని వదిలేయాలి. ఈయన దేవుణ్ణే తిప్పి అక్క పక్కన నిలబెట్టాడు. ఆ మూడు ముక్కల్లో ఎన్ని తర్కదోషాలున్నాయో వరుసగా చెప్పగలను. దేవుడు ఊరుకున్నాడా, అసలు లేడా? అలవాటైన చేతికి అనుమతి అయితే రేపు మరో ఆడమనిషి అడిగితే ఏం చెబుతారు? నోరు తెరిచాను. అక్క ఈసారి తిరిగి చూసింది. చిన్నప్పుడు పెళ్లిళ్లలో పెద్దవాళ్ల ముందు నేను ఎదురు మాట్లాడబోతే ఇలాగే చూసేది. నోరు మూసుకున్నాను. నా జీవితంలో చెప్పకుండా మింగిన వాదాలు చాలా తక్కువ. వాటిలో ఇది ఒక్కటే నాకు గొప్పగా అనిపిస్తుంది.

ఆ తర్వాత దీని గురించి చాలా ఆలోచించాను. రుజువు, రుజువు అని నేను ఊరూరా తిరిగి అరిచాను. రుజువు కోసం ఏ రోజూ ఏదీ పణంగా పెట్టలేదు. అరచేతిలో కర్పూరం వెలిగించి చూపించడం, వేదిక దిగాక చప్పట్లు అందుకోవడం, అంతే నా సాహసం. అక్క నాలుగో తరగతితో బడి మానేసింది. రెండేళ్ల పాటు రోజూ ఆ నమ్మకానికి ఎదురుగా నడిచింది. ఆ రెండేళ్లలో ఒక్క ముసురు పట్టినా, ఎవరి పంటకైనా తెగులు తగిలినా, ఆమె రహస్యం బయటపడి ఉంటే నింద ఆమె మీదే పడేది. ఆ నింద మోసిన ఆడవాళ్లకు మన ఊళ్లలో ఏమవుతుందో ఆమెకు తెలుసు. తెలిసీ పోయింది. మంచం మీద మొగుడు, బడిలో పిల్ల, చెట్ల మీద పంట, ఇంకేం చేస్తుంది అనవచ్చు మీరు. అవసరానికి చేసిందని ఆమె కూడా అంటుంది. కానీ ఆ గదిలో, తప్పించుకునే దారి మరిదే చూపించినప్పుడు, నేనే చూశానని చెప్పడం అవసరం కాదు. ఆ రెండేళ్ల రహస్యాన్ని దాచుకుంటే చెట్లు పోయేవేమో గానీ, ఆమెకు అపాయం ఉండేది కాదు. ఆమె చేతిలో ఉన్న నిజాన్ని తీసి నలుగురి మధ్య పెట్టింది. మా ఇంట్లో హేతువాది నేను కాదని ఆ రోజు తెలిసింది. అది మా అక్క అని చెప్పుకోవడంలో నాకున్న గర్వం చిన్నది కాదు.

పిల్లలకు ఇదేదీ పట్టలేదు. మామా, సినిమా పెట్టు, పెట్టు అని ఒకటే గోల. పెట్టాను. పురుగు తోలు విడిచింది. చీమలు గంతులేశాయి. అక్క చెప్పినట్టే జరగడంతో మగవాళ్లు కూడా తలలు ఊపారు, సినిమా తీసినవాళ్లు ఆమెను అడిగి తీసినట్టు. తర్వాత పురుగు గూడు కట్టింది. పెద్దాయన ఆ గూటిని కళ్లు చిట్లించి పరీక్షగా చూసి, కాడ సరిగా బిగించలేదు, గాలికి రాలుతుంది అని తేల్చాడు. చివర్లో రెక్కలొచ్చి ఎగిరిపోతుంటే చీమలన్నీ కొమ్మ చివర నిలబడి చేతులూపాయి. కొందరు చప్పట్లు కొట్టారు. చీమను ఎవరూ క్షమించలేదు గానీ, ఆ చిన్న చీమ ఒక్కటి మాత్రం మంచిదేనని ఒప్పుకున్నారు.

ఇంటికి నడుస్తూ మేనకోడలు తల్లిని అడిగింది, సినిమాలో ఎగిరిపోయింది కదా, మనం ఎందుకు ఉడకబెడతామని. గూటిలోపలి ప్రాణి బయటికి రాకముందే గూళ్లను ఉడకబెట్టి దారం తీస్తారని ఆ ఊరి పిల్లలందరికీ తెలుసు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నేనైతే ఏదో ఒక పెద్దమాట వెతికేవాణ్ణి. విత్తనానికి పెట్టినవాటిని ఎగరనిస్తాం, మిగతావాటిని చంపుతాం, ఆ దారంతోనే మన తిండి అని అక్క ఉన్నదున్నట్టు చెప్పింది. పాపం కాదా అంటే, "పాపమే బిడ్డా. గందుకే ఉన్నన్ని రోజులు దాన్ని కాకి ముట్టకుండ సూస్తం," అంది. సినిమాలోని దయకు ఆకలి లేదు. అది తేలిక. కడుపు నింపే ప్రాణి పట్ల దయగా ఉండటం ఎంత కష్టమో నలభై రోజులు చెట్టు కింద కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది.

గుడ్లు నాలుగు రోజుల తర్వాత తెల్లవారుజామున పగిలాయి. ఆకు దొప్పల నిండా నల్లటి నూగులాంటి పిల్ల పురుగులు. సమ్మె ఇంకా నడుస్తూనే ఉంది కనుక నేను ఉండిపోయాను. ఎండెక్కాక అక్క గంపలో దొప్పలు సర్దుకుని, గోడకున్న బావ అంగీ తీసి చీర మీద తొడుక్కుంది. ఇంకా ఎందుకు, ఇప్పుడు దాచేదేముంది, చీరతోనే, ఆడమనిషిగానే, అందరూ చూస్తుండగా పోవాలి అని నేను మొదలుపెట్టాను. ఆ దృశ్యాన్ని అప్పటికే మనసులో రాసుకున్నాను కూడా. ఆమె గుండీలు పెట్టుకుంటూ విని, "మద్దికొమ్మలకు కొంగు చిక్కుతది తమ్మీ. చెట్టెక్కి చూడు ఒకపారి," అంది.

తలకు రుమాలు చుట్టుకోలేదు. జుట్టు ముడి కనిపిస్తూనే ఉంది. ఊరి నడివీధి నుంచే నడిచింది. వెనుక నీళ్లకుండతో నేను. పెద్దాయన ఇంటి ముందు ఆగలేదు, తల వంచలేదు, నడక పెంచలేదు. ఆయన గంపలోకి తొంగిచూసి, తూర్పు కొమ్మలకే కట్టు, పొద్దటెండ తగులుతుంది అన్నాడు. తెలుసు మామా అంది. వాకిళ్లు ఊడుస్తున్న ఆడవాళ్లు చీపుర్లు ఆపి చూశారు. ఒకావిడ, మరిది భార్యే, అడిగింది.

"యాడికక్కా?"

"పనికి," అంది అక్క.